యంత్రం పగబట్టదు: మహానగర థ్రిల్లర్లలో భయం ఎక్కడ పుడుతుంది?

క్లుప్తంగా: లిఫ్టు, కారు, ఫోను, ఫ్రిజ్ లాంటి రోజూ వాడే వస్తువులే ప్రాణాల మీదికి తెచ్చే కథ చదివాక, చూశాక చాలామందికి ఒకటే అనుమానం వస్తుంది: ఇదంతా నిజంగా జరుగుతుందా? కొంత జరుగుతుంది, కొంత జరగదు. జరిగేది కూడా చాలాసార్లు కథల్లో చూపించినట్టు జరగదు. యంత్రానికి కక్ష ఉండదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ప్రమాదాన్ని ఆపాల్సిన ఏర్పాటు ఎప్పుడు పోయింది, ఎవరి నిర్ణయంతో పోయింది అన్నదాంట్లోనే అసలు సస్పెన్స్ ఉంది.

## లిఫ్టు పైకి కూడా పడుతుంది

నలభై అంతస్తుల భవనం. రాత్రి పదకొండు దాటింది. ఒక్కడే మనిషి లిఫ్టు ఎక్కి ఇరవై రెండో అంతస్తు బటన్ నొక్కాడు. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఆగలేదు. ఇరవై మూడు. తలుపు మీద అంకెలు మారే వేగం పెరిగింది.

మహానగరంలో సాగే టెక్నాలజీ థ్రిల్లర్లకు ఇది బాగా అలవాటైన మొదలు. ఇక్కడి నుంచి చాలా కథలు ఒకే దారి పడతాయి. తాడు తెగుతుంది, లిఫ్టు పాతాళానికి జారుతుంది, లోపలి మనిషి కేకలు పెడతాడు. కానీ తాళ్లతో నడిచే మామూలు లిఫ్టులో బ్రేకు పోతే, లోపల ఒక్కడే ఉంటే, అది వెళ్లేది పైకే.

కారణం చాలా సాదాసీదాగా ఉంటుంది. లిఫ్టు గదికి కట్టిన ఉక్కు తాళ్లు పైన కప్పీ మీదుగా వెళ్లి అవతలి వైపు ఒక బరువు దిమ్మను మోస్తుంటాయి. దాన్ని కౌంటర్‌వెయిట్ అంటారు. ఖాళీ గది బరువుకి, లిఫ్టు మోయగలిగిన బరువులో 40 నుంచి 50 శాతం కలిపి ఆ దిమ్మను తయారు చేస్తారు. లిఫ్టు దాదాపు సగం నిండితే రెండు వైపులా త్రాసులా సరితూగుతుంది, మోటారుకి శ్రమ తగ్గుతుంది. ఒక్క మనిషే ఉన్నప్పుడు బరువు దిమ్మ వైపు మొగ్గుతుంది. పట్టి ఉంచే బ్రేకు వదిలేస్తే దిమ్మ కిందికి, గది పైకి. అందుకే తర్వాతి కాలపు నిబంధనలు పైకి దూసుకుపోయే లిఫ్టును ఆపే ఏర్పాటు కూడా విడిగా ఉండాలని చెప్పాయి. గది అడుగున ఉండే పాత తరహా భద్రతా బ్రేకు కిందికి జారేటప్పుడు మాత్రమే పని చేసేది.

ఇక తాడు తెగడం సంగతి. లిఫ్టును మోసేది ఒక్క తాడు కాదు. చాలా భవనాల్లో నాలుగైదు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ తాళ్లు ఉంటాయి. ఒకటి తెగినా మిగతావి మోస్తాయి. అన్నీ తెగినా, వేగం హద్దు దాటగానే గవర్నర్ అనే పరికరం అది పసిగట్టి గది అడుగున ఉన్న ఉక్కు చీలలను పట్టాలకు బిగించేస్తుంది. ఈ ఆలోచనకు 170 ఏళ్లు దాటాయి. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ అందరూ చూస్తుండగా ఎత్తులో వేదిక మీద నిలబడి, తనను మోస్తున్న తాడును నరికించాడు. వేదిక కొద్దిగా జారి అక్కడే ఆగిపోయింది. మనుషులు అంత ఎత్తు భవనాల్లో బతకడానికి ఒప్పుకున్నది ఆ తర్వాతే. మహానగరం ఆకాశంలోకి పెరగడానికి ఉక్కు ఎంత కారణమో, ఆ బ్రేకూ అంతే కారణం.

నియమానికి మినహాయింపు కూడా ఒకటుంది. 1945 జులై 28న పొగమంచులో దారి తప్పిన అమెరికా సైనిక బాంబర్ విమానం ఎంపైర్ స్టేట్ భవనాన్ని ఢీకొంది. విమాన శకలాలు లిఫ్టు తాళ్లను దెబ్బతీశాయి. ఒక లిఫ్టు, అందులో ఉన్న మహిళా ఆపరేటర్‌తో సహా, సుమారు 75 అంతస్తులు పడిపోయింది. ఆమె తీవ్రంగా గాయపడినా బతికింది. ఒక లిఫ్టు అలా పడాలంటే భవనాన్ని విమానం ఢీకొనాల్సి వచ్చిందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

అంటే లిఫ్టు భయం అర్థం లేనిదని కాదు. భయపడాల్సిన చోటు వేరు. తలుపు తెరిచి ఉండగా గది కదలడం, అరిగిన బ్రేకును ఎవరూ మార్చకపోవడం, తలుపు తాళం సెన్సార్‌కి మరమ్మతు రోజున అడ్డదారి వైరు వేసి తర్వాత తీయడం మరచిపోవడం లాంటివి నిజంగా ప్రాణాలు తీస్తాయి. ఇవన్నీ తెర మీద చూపించడానికి చిన్నవిగా కనిపిస్తాయి. కానీ చెయ్యి తిరిగిన రచయితకి ఆ తీయని వైరు ఒక్కటి చాలు. మెకానిక్ దాన్ని వదిలేసి పెట్టె సర్దుకుని వెళ్లడం పాఠకుడికి మొదటి అధ్యాయంలోనే చూపిస్తే, ఆ తర్వాత లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది.

## రోజూ వాడే వస్తువే ఎందుకు?

కత్తి పట్టుకుని ఎదురొచ్చినవాడిని చూస్తే ఎవరైనా రెండడుగులు వెనక్కి వేస్తారు. ఫ్రిజ్‌ని చూసి వేయరు. అలవాటైన వస్తువు కంటికి కనిపించడం మానేస్తుంది. స్విచ్ వేస్తే లైటు వెలుగుతుందా లేదా అని ఎవరూ ఆగి ఆలోచించరు. ఈ రకం థ్రిల్లర్ పట్టుకునేది ఆ ఆలోచించని క్షణాన్నే.

దీనికి మహానగరం ఇంకొకటి కలుపుతుంది. నలభయ్యో అంతస్తులో ఉండే మనిషికి లిఫ్టు వాడాలా వద్దా అనే ఎంపిక ఉండదు. భూగర్భ రైలులో కూర్చున్నవాడు సొరంగం మధ్యలో దిగిపోలేడు. తాగే నీరు, పీల్చే ఏసీ గాలి, సిగ్నల్ లైటు, అన్నిటి వెనకా తనకు ముఖపరిచయం లేని మనుషులు ఉంటారు. ఒకరు డిజైన్ చేశారు, ఇంకొకరు బిగించారు, మరొకరు తనిఖీ చేశామని సంతకం పెట్టారు. నగరంలో బతకడమంటే రోజూ వందలాది అపరిచితుల పనితనం మీద ప్రాణం పెట్టడమే. పాడుబడ్డ బంగళా కథలో పాత్ర అక్కడికి వెళ్లకుండా ఉండొచ్చు. నగర కథలో ఆ వీలు లేదు.

## చంపేది ఎవరు: మూడు రకాల కథలు

ఈ తరహా కథల్ని విడదీసి చూస్తే హంతకుడు మూడు రకాలుగా కనిపిస్తాడు. మొదటి రకంలో యంత్రానికే బుద్ధి పుడుతుంది, అది మనుషుల మీద పగబడుతుంది. రెండో రకంలో యంత్రం వెనక ఒక మనిషి దాక్కుని ఉంటాడు. మూడో రకంలో హంతకుడంటూ ఎవరూ ఉండరు. చిన్న చిన్న పొరపాట్లు వరుసలో నిలబడి ప్రాణం తీస్తాయి.

మొదటి రకం గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. అది దెయ్యం కథకు కొత్త చొక్కా. బాగా రాస్తే బాగానే భయపెడుతుంది, కానీ భయం కథతోనే అయిపోతుంది. మిగతా రెండూ అలా కాదు. వాటికి నిజ జీవితంలో ఆధారాలున్నాయి.

## వెనక మనిషి ఉన్నప్పుడు

2015 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ హైవే మీద ఒక విలేకరి జీప్ చెరోకీ నడుపుతున్నాడు. ఏసీ దానంతట అదే జోరుగా వీచడం మొదలైంది. రేడియో సౌండ్ పెరిగింది, తగ్గించినా తగ్గలేదు. వైపర్లు తిరిగాయి, అద్దం మీద నీళ్లు పడ్డాయి. తర్వాత యాక్సిలరేటర్ తొక్కుతున్నా బండికి వేగం అందడం ఆగిపోయింది, వెనక నుంచి ట్రక్కులు వస్తున్నాయి. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు మైళ్ల దూరంలో ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ నుంచి ఇదంతా చేశారు. విలేకరికి ముందే చెప్పి చేసిన ప్రయోగం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది.

వాళ్లు దూరింది కారులోని పాటల పెట్టెలోకి. అక్కడి నుంచి ఇంజిన్ ఎలా అందింది? కార్లలోని చిన్న చిన్న కంప్యూటర్లు ఒకే తీగ మీద మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతి పేరు క్యాన్, 1986లో వచ్చింది. అందులో పంపేవాళ్లు ఎవరని అడిగే ఏర్పాటు లేదు. 'నేను బ్రేకును మాట్లాడుతున్నా' అని ఎవరన్నా మిగతావి నమ్ముతాయి. కారు నాలుగు చక్రాల మధ్య మూసి ఉన్న ప్రపంచంగా ఉన్నంతకాలం ఇది తప్పు కాదు. లోపలికి వచ్చేవాడే లేనప్పుడు గదుల మధ్య తాళాలెందుకు? తర్వాత అదే కారుకి మొబైల్ ఇంటర్నెట్ పెట్టారు. వీధి తలుపు తెరిచారు కానీ లోపలి గదులకు తాళాలు వేయలేదు. ఇలాంటి అనుభవాల తర్వాతే కార్ల సైబర్ భద్రతకు ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో అంతర్జాతీయ నిబంధన వచ్చింది. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే వాహనాలన్నిటికీ అది వర్తిస్తోంది.

అదే 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో జరిగిన ఘటన ఏ థ్రిల్లర్‌కీ తీసిపోదు. విద్యుత్ కంట్రోల్ గదిలో ఉద్యోగి చెయ్యి మౌస్ మీద లేదు. తెర మీద బాణం గుర్తు మాత్రం కదులుతోంది. అది ఒక సబ్‌స్టేషన్ స్విచ్ దగ్గరికి వెళ్లింది, ఆపేయమంది, నిర్ధారించింది. తర్వాత ఇంకొకటి. ఉద్యోగి మౌస్ లాక్కోబోతే సిస్టమ్ అతణ్నే బయటికి నెట్టేసింది. సుమారు 2,25,000 కనెక్షన్లకు చలికాలం సాయంత్రం కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామంటే లైను కలవకుండా కాల్ సెంటర్‌ని హ్యాకర్లు దొంగ కాల్స్‌తో నింపేశారు. ఏదీ పేలలేదు, ఎవరూ అరవలేదు. ఒక బాణం గుర్తు తెర మీద నెమ్మదిగా నడిచింది, అంతే.

2024 సెప్టెంబర్ 17న లెబనాన్‌లో వేలాది పేజర్లు ఒకేసారి పేలడం ఈ రెండిటికీ భిన్నం. మర్నాడు వాకీటాకీలు పేలాయి. పదుల సంఖ్యలో చనిపోయారు, వేలమంది గాయపడ్డారు, చనిపోయినవారిలో పిల్లలూ ఉన్నారు. అంగళ్లలో, ఇళ్లలో, వీధుల్లో జరిగిన ఈ పేలుళ్ల తర్వాత ప్రపంచమంతా ఒక టెన్షన్ పట్టుకుంది: జేబులో ఫోనును కూడా ఎవరైనా దూరం నుంచి ఇలా పేల్చగలరా?

## ఫోను బాంబు అవుతుందా?

అవదు. లెబనాన్‌లో పేలింది పేజర్ బ్యాటరీ కాదు, తయారీ దశలోనే అందులో దాచిన పేలుడు పదార్థం. అంటే అది హ్యాకింగ్ కథ కాదు, సరఫరా గొలుసు కథ. వస్తువు మన చేతికి రాకముందే దాని లోపల ఏం జరిగిందన్నదే అక్కడ ప్రశ్న. ప్రచారంలో ఈ రెండూ కలిసిపోవడంతో గందరగోళం పెరిగింది.

మామూలు లిథియం అయాన్ బ్యాటరీ చేసే హాని వేరు. దాని లోపల రెండు పొరల మధ్య సన్నని ప్లాస్టిక్ తెర ఉంటుంది. దెబ్బ తగిలో, తయారీ లోపంతోనో, నాసిరకం ఛార్జర్‌తోనో ఆ తెర చిరిగితే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. వేడి పుడుతుంది, ఆ వేడికి రసాయన చర్య పెరుగుతుంది, దానివల్ల ఇంకా వేడి. ఒక దశ దాటాక ఆపడం ఎవరి తరమూ కాదు. బ్యాటరీ ఉబ్బుతుంది, బుస్సుమని ఆవిరి చిమ్ముతుంది, అంటుకుంటుంది. 2016లో శాంసంగ్ ఒక మోడల్ ఫోన్లను సుమారు 25 లక్షలు వెనక్కి పిలిచి, చివరికి ఆ మోడల్‌నే ఆపేసింది ఇలాంటి లోపం వల్లే.

అయితే ఫోను బ్యాటరీ చిన్నది. నగరంలో ప్రాణాలు తీస్తున్నది ఎలక్ట్రిక్ సైకిళ్లు, స్కూటర్ల పెద్ద బ్యాటరీ. 2023లో ఒక్క న్యూయార్క్ నగరంలోనే లిథియం అయాన్ బ్యాటరీ మంటల వల్ల 18 మంది చనిపోయారు. ఇక్కడ ప్రమాదం బ్యాటరీలో ఎంత ఉందో, దాన్ని పెట్టిన చోటులోనూ అంత ఉంది. ఇరుకు ఇంట్లో సైకిల్ పెట్టుకోవడానికి వీలైన చోటు వీధి తలుపు పక్కనే. ఛార్జింగ్ పెట్టేది రాత్రి, అందరూ పడుకున్నాక. అంటుకుంటే మంట సరిగ్గా బయటికి వెళ్లే ఒక్క దారినే మూసేస్తుంది. ఏ కుట్రా అవసరం లేదు. అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి ప్లగ్గు పెట్టి పడుకోవడం చాలు.

## హంతకుడు లేని హత్యలు

మూడో రకం కథలు తక్కువ వస్తాయి. రాయడం కష్టం. చివర్లో పట్టుకుని బోనులో నిలబెట్టడానికి ఒక ముఖం దొరకదు. నిజ జీవితంలో మాత్రం ఎక్కువగా జరిగేది ఇదే.

2017 జూన్ 14 రాత్రి లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో నాలుగో అంతస్తు వంటగదిలో ఒక ఫ్రిజ్ అంటుకుంది. అగ్నిమాపక దళానికి ఫోన్ వెళ్లింది 12.54కి. సిబ్బంది వచ్చారు, వంటగదిలో మంటను అదుపులోకి తెచ్చారు. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ మంట అప్పటికే కిటికీ అంచు దాటి బయటి గోడను అంటుకుంది. అందం కోసం, చలి ఆపడం కోసం కొద్దికాలం ముందే గోడకు తొడిగిన పలకల మధ్యలో ఉన్నది మండే ప్లాస్టిక్. బయటికొచ్చిన మంట అరగంట లోపే పైకప్పుకి చేరింది. ఎత్తైన భవనాల్లో మంట ఒక ఫ్లాట్ దాటి పాకదన్న నమ్మకంతో, ఇళ్లలోనే ఉండండి అని చెప్పడం అక్కడి పద్ధతి. ఆ మాట రాత్రి 2.30 దాటేదాకా మారలేదు. 72 మంది చనిపోయారు.

ఇందులో హంతకుడు ఫ్రిజ్ అనలేం. అలాంటి మంటలు ఎన్నో వస్తాయి, ఒక్క గదితో ఆగుతాయి. ఫ్రిజ్, గోడ పలక, ఇళ్లలోనే ఉండమన్న మాట విడివిడిగా ఉంటే ఇంత ఘోరం జరగదు. మూడూ ఒకే రాత్రి కలిశాయి. ఇలాంటి విపత్తుల గురించి రాసిన సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ పెరో 1984లోనే ఒక మాట చెప్పాడు: భాగాలు ఒకదానికొకటి బిగుతుగా ముడిపడి, వాటి మధ్య సంబంధాలు ఎవరికీ పూర్తిగా అర్థం కానంత చిక్కుగా ఉన్న వ్యవస్థల్లో ప్రమాదం మినహాయింపు కాదు, ఆ నిర్మాణంలోనే ఉంటుంది. మహానగరం అంటేనే అలాంటి ముడి.

2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికాలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోవడం తీగ లాగితే డొంకంతా కదలడమే. ఒహాయోలో వేడికి సాగి కిందికి వంగిన విద్యుత్ తీగలు పెరిగిన చెట్లకు తగిలాయి. ఒక లైను పడిపోతే దాని భారం పక్క లైను మీద, అది పడితే ఇంకొక దాని మీద. కంట్రోల్ గదిలో అలారం మోగాల్సింది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో దాగి ఉన్న లోపంతో అలారం వ్యవస్థ అంతకుముందే ఆగిపోయింది, ఆగిపోయిందని చెప్పేదీ ఏదీ లేదు. గంటకు పైగా ఆపరేటర్లు అంతా బాగుందనే అనుకున్నారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో భూగర్భ రైళ్లు సొరంగాల్లో ఆగాయి, లిఫ్టుల్లో జనం ఇరుక్కున్నారు.

వీటన్నిటికన్నా చడీచప్పుడు లేనిది తాళంచెవి లేని కారు. బటన్ నొక్కితే స్టార్ట్, బటన్ నొక్కితే ఆఫ్. తాళంచెవి తిప్పి తీసే రోజుల్లో అది చేతిలో ఉందంటే ఇంజిన్ ఆగినట్టే. బటన్ వచ్చాక ఆ గుర్తు పోయింది. ఇంజిన్ల శబ్దమూ తగ్గింది. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో కారు పెట్టి, రిమోట్ జేబులో వేసుకుని, ఆఫ్ చేశాననుకుని లోపలికి వెళ్లినవాళ్లు ఉన్నారు. వెనక ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ చాప కింద నీరులా తలుపు సందుల్లోంచి పడకగదికి చేరుతుంది. అమెరికాలో ఇలా ప్రాణాలు పోయిన కేసులు చాలా నమోదయ్యాయి. కొన్ని నిమిషాల తర్వాత ఇంజిన్ దానంతట అదే ఆగిపోయే చిన్న ఏర్పాటుతో ఇవి ఆపగలిగినవే.

## అంతా బాగుందని చెప్పే తెర

ఈ ఘటనల్లో తరచూ కనిపించేది ఒకటుంది. ప్రమాదం జరుగుతున్నప్పుడు చూసే మనిషికి అంతా మామూలుగానే కనిపిస్తుంది. 2003లో మోగని అలారం పొరపాటు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ అదే పనిని కావాలని చేసింది. ఇరాన్ అణు కేంద్రంలో సెంట్రిఫ్యూజ్‌లనే గిర్రున తిరిగే యంత్రాలను గాడి తప్పించి తిప్పుతూ, అంతకుముందు రికార్డు చేసిన మామూలు అంకెల్నే ఆపరేటర్ల తెర మీద మళ్లీ మళ్లీ చూపించింది.

థ్రిల్లర్ రచయితలు ఎర్ర దీపాలు, మోగే సైరన్లు ఎక్కువగా వాడతారు. పచ్చ దీపమే ఎక్కువ భయంకరమైనది. గదిలో అందరూ టీ తాగుతున్నారు, తెర మీద అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, పాఠకుడికి మాత్రం ఆ అంకెలు నిన్నటివని తెలుసు. ఆ ఒక్క విషయం తెలిసి ఉంటే చాలు, టీ కప్పు కింద పెట్టిన చప్పుడు కూడా భయపెడుతుంది.

2025 సెప్టెంబర్ 3న లిస్బన్‌లో గ్లోరియా కొండ ట్రామ్ పట్టాలు తప్పి 16 మంది చనిపోయిన ఘటనలోనూ ఇలాంటి వివరమే ఉంది. అక్కడ రెండు బండ్లు ఒకే కేబుల్‌కి కట్టి ఉంటాయి. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది, లిఫ్టూ దాని బరువు దిమ్మా లాగే. కేబుల్ ఊడిపోయింది. బ్రేకులు వేసినా ఒంటరి బండిని ఆపే శక్తి వాటికి లేదు. ఆ ఉదయమే తనిఖీ జరిగింది, ఏ తేడా కనిపించలేదు. కేబుల్ ఊడిన చోటు భాగాలు విప్పితే తప్ప కంటికి కనిపించదని దర్యాప్తు అధికారులు తొలి నివేదికలోనే చెప్పారు. తనిఖీ చేసినవాళ్లు చూడగలిగిందంతా చూశారు.

## చెప్పింది చెప్పినట్టు చేసే యంత్రం

2018 మార్చి 18న అమెరికాలోని టెంపీ నగరంలో ఉబర్ పరీక్షిస్తున్న, తనంతట తానే నడిచే కారు, సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. కారు ఆమెను చూడలేదని చాలామంది అనుకున్నారు. చూసింది. దర్యాప్తు ప్రకారం ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే సెన్సార్లు గుర్తించాయి. కానీ అది ఏమిటో తేల్చుకోలేకపోయాయి. వాహనం, వేరే ఏదో వస్తువు, సైకిల్ అంటూ మార్చుకుంటూ పోయాయి. మార్చుకున్న ప్రతిసారీ ఆమె ఎటు వెళ్తోందన్న లెక్క మళ్లీ మొదటికొచ్చింది. జీబ్రా గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటొచ్చన్న ఆలోచన ప్రోగ్రామ్‌లో లేదు. ఊరికే బ్రేకులు పడి ప్రయాణం కుదుపులమయం కాకూడదని, సొంత ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు కారు తయారీదారు పెట్టిన అత్యవసర బ్రేకును పక్కన పెట్టారు. స్టీరింగ్ ముందు కూర్చున్న భద్రతా డ్రైవర్ ఫోనులో వీడియో చూస్తోంది.

మొత్తం ఘటనలో కారు ఒక్క ఆజ్ఞ కూడా మీరలేదు. పగబట్టిన కారు కథలో తప్పు కారుది. ఈ కథలో తప్పు మీటింగుల్లో, సెట్టింగుల్లో, ఎవరో ఎప్పుడో తీసుకున్న చిన్న నిర్ణయాల్లో ఉంది. 1985, 1987 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు కిరణాలిచ్చి కొందరి ప్రాణం తీసిన ఉదంతమూ ఇలాంటిదే. పాత మోడల్‌లో సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా ఆపే యాంత్రిక అడ్డు ఉండేది. కొత్త మోడల్‌లో సాఫ్ట్‌వేర్ ఉందిగా అని దాన్ని తీసేశారు.

## కథలు తప్పే చోటు

సినిమాల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటి: హ్యాకర్ ఒక మీట నొక్కితే కూడలిలో నాలుగు వైపులా పచ్చ లైటు, బండ్లు గుద్దుకుంటాయి. 2014లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అధికారుల అనుమతితో సిగ్నళ్లలోకి నిజంగానే చొరబడ్డారు, లైట్లు తమకు కావలసినట్టు మార్చారు. ఎదురెదురు పచ్చ లైట్లు మాత్రం వేయలేకపోయారు. సిగ్నల్ పెట్టెలో ఇంకో చిన్న పరికరం విడిగా కాపలా కాస్తుంటుంది. ఒకదానికొకటి అడ్డొచ్చే పచ్చలు పడగానే అది కంప్యూటర్‌తో సంబంధం లేకుండా అన్నిటినీ మెరిసే ఎర్రగా మార్చేస్తుంది. మైక్రోవేవ్ తలుపు తీసి ఉండగా నడవకపోవడం కూడా ఇలాంటి విడి స్విచ్‌ల పుణ్యమే.

ఉక్రెయిన్‌లో కరెంటు ఆరేడు గంటల్లోపే తిరిగొచ్చింది. అది మెరుగైన కంప్యూటర్ల వల్ల కాదు. ఉద్యోగులు బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి, పాత స్విచ్‌లను చేత్తో వేశారు. ఆ చేతి స్విచ్‌లు అక్కడ ఇంకా ఉన్నాయి కాబట్టి వీలైంది. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయినప్పుడు కూడా అంతే. కంచే చేను మేసిన ఆ రోజు విమానాశ్రయాల్లో కొన్నిచోట్ల బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంప్యూటర్లను ఒక్కొక్కటిగా మనిషి ముందు కూర్చుని సరిచేయాల్సి వచ్చింది.

కాబట్టి కథలో జరిగింది సాధ్యమా అని తూచేటప్పుడు హ్యాకర్ ఎంత తెలివైనవాడన్నది పెద్ద లెక్కలోకి రాదు. ఆ యంత్రానికి, ప్రమాదానికి మధ్య కంప్యూటర్ మాట వినని అడ్డు ఒకటి ఉందా, దాన్ని ఎవరైనా తీసేశారా అన్నది చూడాలి. లిఫ్టు బ్రేకు కరెంటు ఉంటే వదులుతుంది, పోతే స్ప్రింగ్ బలంతో బిగుస్తుంది. కరెంటు తీసేసి ఆ లిఫ్టును కింద పడేసే కథ నిలవదు. ఖర్చు తగ్గించడానికి తనిఖీ తేదీ వాయిదా వేసిన మేనేజర్ ఉన్న కథ నిలుస్తుంది.

## నేరం ఎవరి మీద?

2020 సెప్టెంబర్‌లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ ఆసుపత్రి కంప్యూటర్లను సైబర్ నేరగాళ్లు స్తంభింపజేశారు. అత్యవసర విభాగం మూతపడటంతో ఒక రోగిని సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వేరే నగరానికి తరలించారు. ఆమె చనిపోయింది. సైబర్ దాడి వల్ల పోయిన మొదటి ప్రాణం ఇదేనని ప్రపంచమంతా రాశారు. ప్రాసిక్యూటర్లు మాత్రం ఆ ఆలస్యమే మరణానికి కారణమని చట్టం ముందు నిరూపించలేమని తేల్చారు. ఆమె అనారోగ్యం అప్పటికే తీవ్రంగా ఉంది.

థ్రిల్లర్‌కి చివరి పేజీ ఉంటుంది. దొరికినవాడు దొరుకుతాడు, లేదా చీకట్లో నవ్వుతూ మాయమవుతాడు. గ్రెన్‌ఫెల్ విచారణ తుది నివేదిక రావడానికి 2024 సెప్టెంబర్ దాకా పట్టింది, ఏడేళ్లకు పైగా. ఏడు సంపుటాలు, దాదాపు 1,700 పేజీలు. మరణాలన్నీ తప్పించదగినవేనని విచారణ తేల్చింది. పలకలు తయారుచేసినవాళ్లు, పరీక్షించినవాళ్లు, ఎంచుకున్నవాళ్లు, అనుమతించినవాళ్లు, హెచ్చరికలను పక్కన పెట్టిన ప్రభుత్వ విభాగాలు, అందరి పాత్రా అందులో ఉంది. ఫ్రిజ్ సంగతి అంతకు దాదాపు అయిదేళ్ల ముందే, తొలి దశ నివేదికలోనే తేలిపోయింది: విద్యుత్ లోపం, ఆ ఫ్లాట్‌లో ఉండే మనిషి తప్పేమీ లేదు.